మోరీలో పోస్తే మాయమైపోతుందా?

సంక్రాంతికి సకినాలు కాల్చడం అయిపోయింది. కడాయి అడుగున నల్లబడ్డ నూనె ఓ చిన్న గ్లాసుడు మిగిలింది. ఏం చేస్తారు? చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. సింకులో ఒంపేసి, వెనకాలే రెండు చెంబుల నీళ్లు కొట్టడం. బాత్‌రూం గచ్చు పచ్చబడిందా? సీసాడు యాసిడ్ పోసి, బరబరా రుద్ది కడిగేయడం. గడువు తీరిన టానిక్కులు, పసిపిల్లల డైపర్లు, గోడలకు వేయగా మిగిలిన పెయింటు... అన్నింటిదీ అదే దారి. కంటికి కనిపించకుండా పోతే చాలు, పీడ విరగడైనట్టే!

నిజంగా విరగడైందా అంటే, కాలేదు. ఇల్లు దాటింది, అంతే. అక్కణ్నుంచి అది ఎటు పోవాలి, ఎంత పోవాలి, అసలు ఏది పోకూడదు అనేదానికి ఈ దేశంలో చట్టాలున్నాయి. ఆ చట్టాల కింద నిబంధనలున్నాయి. నిబంధనల్లో మిల్లీగ్రాముల లెక్కలున్నాయి. మోరీలో పోసేది మురుగే కదా, దానికీ ఇన్ని నియమాలా అనిపిస్తుంది. వరంగల్ వాసులు మాత్రం ఇప్పుడు వాటి సంగతి మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువే తెలుసుకోవాలి. ఇన్నేళ్లుగా వింటూ వచ్చిన భూగర్భ డ్రైనేజీ ఇక వాళ్ల గడప దాకా రాబోతోంది మరి.

నదికో లెక్క... మోరీకో లెక్క

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలో 24వ సెక్షన్ ఉంది. వాగు, బావి అంటూ చెప్పుకొస్తూ వాటి సరసనే మురుగుకాల్వనూ చేర్చింది. విషం లాంటివి, హాని చేసేవి తెలిసి తెలిసి వాటిలో వదలకూడదంటుంది. ‘ఎంతవరకు వదలొచ్చు’ అన్న ప్రశ్నకు జవాబు మరోచోట ఉంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనలకు 1993లో ఓ పట్టిక చేర్చారు. ఫ్యాక్టరీల్లాంటివి బయటికి వదిలే నీళ్లకు అందులో నాలుగు వరసలున్నాయి. నదులూ చెరువుల్లోకి వదిలితే ఒక లెక్క, పబ్లిక్ సీవర్‌లోకైతే మరో లెక్క, పొలానికైతే ఇంకోటి, సముద్రానికైతే ఇంకోటి.

మొదటి రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలుస్తుంది. నీళ్లలో తేలే మట్టీమశానం నదిలోకైతే లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. సీవర్‌లోకి 600 దాకా వదలొచ్చు. మురుగును తినే సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే బీవోడీ అనే కొలత ఒకటుంది. మురుగు ఎంత చిక్కనైతే ఆ అంకె అంత పెరుగుతుంది. అది నదికి 30 అయితే సీవర్‌కు 350. నూనె, జిడ్డు నదికి 10 మిల్లీగ్రాములు, సీవర్‌కు 20. సీవర్‌కు ఎందుకింత ఉదారం? దాని చివర ఒక శుద్ధి కేంద్రం ఉంటుందన్న నమ్మకం. మిగతా పని అక్కడి సూక్ష్మజీవులు చూసుకుంటాయని. ఇళ్ల నుంచి వచ్చే మురుగు ఎంత చిక్కగా ఉంటుందో దాదాపు అంత చిక్కటి నీళ్లే ఫ్యాక్టరీ కూడా పంపాలన్నది ఆ 350 వెనకున్న ఆలోచన. పాదరసం దగ్గర మాత్రం ఈ ఉదారం లేదు. నదికైనా సీవర్‌కైనా లీటరుకు 0.01 మిల్లీగ్రామే. ఏ సూక్ష్మజీవీ పాదరసాన్ని తిని హరాయించుకోలేదు కదా!

ఇక నూనె సంగతి. లీటరుకు 20 మిల్లీగ్రాములంటే ఎంతో ఊహకు అందదు. ఒక టీచెంచా నూనె నాలుగున్నర గ్రాములు తూగుతుందనుకుందాం. అది ఆ లెక్కకు దిగాలంటే 225 లీటర్ల నీళ్లు కలవాలి. అంటే పదిహేను బకెట్లు. సకినాల కడాయిలో మిగిలిన చిన్న గ్లాసుడు నూనెకైతే 4,500 లీటర్లు... ఓ ట్యాంకరు కావాలి. రెండు చెంబులు ఏ మూలకు? ఈ నియమం రాసింది పరిశ్రమల కోసమే, వంటిళ్ల కోసం కాదు. అయితే ఆ సంగతి నూనెకు తెలీదు. హోటల్ నుంచి వచ్చినా ఇంటి నుంచి వచ్చినా పైపు చల్లబడగానే గోడకు అంటుకుని పేరుకుంటుంది.

ఇలాంటి నిషేధాలు నిన్నామొన్న పుట్టినవి కావు. బ్రిటన్ 1936లో చేసిన ప్రజారోగ్య చట్టం పబ్లిక్ సీవర్‌లో పోయకూడనివాటిని పేరుపేరునా చెప్పింది. పైపును పాడుచేసేవి, నీటి పారుదలకు అడ్డుపడేవి, 110 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే వేడిగా ఉండేవి... ఆ తర్వాత పెట్రోలు, కాల్షియం కార్బైడ్. కార్బైడ్ అనగానే మనకు దొంగచాటుగా మగ్గబెట్టిన మామిడికాయలు గుర్తొస్తాయి. మోరీలో దానికేం పని అనిపిస్తుంది. నీళ్లు తగిలితే చాలు, కార్బైడ్ నుంచి ఎసిటిలిన్ వాయువు పుడుతుంది. వెల్డింగ్ మంటకు వాడేది అదే. మూతలు బిగించిన పైపులో అది చేరితే నిప్పురవ్వ ఒక్కటి సరిపోతుంది. ఇక పెట్రోలు మాటకొస్తే, 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో ఓ పైపులైన్ నుంచి కారిన పెట్రోలు భూగర్భ డ్రైనేజీలోకి చేరి, వీధులకు వీధులే పేలిపోయాయి. 200 మందికి పైగా చనిపోయారు.

వాసన పోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు

అంత దూరం ఎందుకు? పంజాబ్‌లోని లూథియానాలో గియాస్‌పురా అనే పేట ఉంది. ఫ్యాక్టరీలు, కూలీల ఇళ్లు కలగలిసిన చోటు. 2023 ఏప్రిల్ 30, ఆదివారం పొద్దున్నే అక్కడ ఉన్నవాళ్లు ఉన్నట్టే కుప్పకూలిపోయారు. 11 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎవరూ మ్యాన్‌హోల్‌లో దిగినవాళ్లు కాదు. దాని దగ్గర్లో ఉండటమే వాళ్లు చేసిన పని. ఆ గాలిలో ప్రాణాలు తీసింది హైడ్రోజన్ సల్ఫైడ్ అని అధికారులు తేల్చారు. అంతకు ఏడాది ముందు, 2022 జనవరి 6న, సూరత్ దగ్గరి సచిన్ పారిశ్రామిక వాడలో ఓ ట్యాంకరు రసాయన వ్యర్థాలను తెచ్చి కాల్వలో ఒంపింది. లేచిన విషవాయువుకు ఆరుగురు కూలీలు బలైపోయారు.

ఇక్కడ ఏం జరుగుతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గాలి ఆడని మురుగులో సల్ఫైడ్‌లు కరిగి ఉంటాయి. మామూలుగానైతే వాటిలో కొంతే వాయువై బయటికొస్తుంది. అందులో ఆమ్లం పడిందా... లోపల దాగి ఉన్నదంతా ఒక్కసారిగా పైకి తంతుంది. పబ్లిక్ సీవర్‌లోకి వెళ్లే నీటి పీహెచ్ 5.5కు తగ్గకూడదు, 9 దాటకూడదు అన్న నియమం ఉన్నది ఇందుకే. పైపులు తినేయకుండా కూడా ఆ నియమం కాపాడుతుందనుకోండి. ముందు కాపాడేది మాత్రం మనుషులను.

హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఓ మాయదారి గుణం ఉంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు. గాఢత పెరిగేకొద్దీ కంపు పెరగాలి కదా? పెరగదు. ఒక హద్దు దాటాక ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది. ‘ఇందాక కంపు కొట్టింది, ఇప్పుడు పోయింది, ఇక ఫర్వాలేదు’ అని లోపలికి దిగినవాడు తిరిగి రాడు. గాలికన్నా బరువైన వాయువు కావడంతో గుంత అడుగునే తిష్ఠ వేస్తుంది.

2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్‌లోని అయ్యప్ప సొసైటీ దగ్గర ఇదే జరిగింది. మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికులు పైకి రాలేదు. దారిన పోతున్న ఓ డ్రైవరు వాళ్లను కాపాడబోయి తానూ పడిపోయాడు. మొత్తం నలుగురు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ చనిపోయినవాళ్ల సంఖ్య ఒకటి దగ్గర ఆగకపోవడానికి కారణం ఇదే. ఒకరి కోసం మరొకరు దిగుతారు. ముక్కు ఎవరినీ హెచ్చరించదు.

మనుషులను సీవర్లలోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటిసారి దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టి, ఈ పని మాన్పించడానికే జీవితం ధారపోసిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసె అవార్డు వచ్చింది. ఆయన నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1993 నుంచి ఈ గుంతల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది సరే. అసలు మనిషి దిగాల్సిన అవసరం ఎందుకొస్తోంది? పైపు పూడుకుపోయింది కాబట్టి. దేనితో పూడుకుపోయింది? డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, జుట్టు, పాల ప్యాకెట్లు, గడ్డకట్టిన నూనె... ఇవన్నీ ఏదో ఒక ఇంట్లోంచి వచ్చినవే. ‘ఏం పోయకూడదు’ అన్న నియమం ఫ్యాక్టరీవాళ్ల గొడవ అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతీ ఆలోచించాలి.

పైపులు లేని ఊళ్లో తొలి నియమం

ఇప్పుడు వరంగల్‌కు వద్దాం. హన్మకొండ, కాజీపేట, వరంగల్... మూడూ కలిసిన ఊరు. 2015లో గ్రేటర్ అయింది. జనం ఎనిమిది లక్షల పైమాటే. ఇంత నగరానికి భూగర్భ డ్రైనేజీ లేదు. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు, ఇంటి ముందు సన్నటి మోరీ. ట్యాంకు నిండితే ఫోన్ చేస్తే బండి వస్తుంది. గొట్టం వేసి లాగేసి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతుంది. ఎక్కడికి? ఆ ప్రశ్న ఇంటాయన అడగడు, బండివాడు చెప్పడు. ఊరి బయట నాలాలోనో, చీకటి పడ్డాక ఏ ఖాళీ జాగాలోనో...

వింతేమిటంటే, ఈ విషయంలో దేశంలోకెల్లా ముందు నియమాలు రాసుకున్నదీ ఈ ఊరే. సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాల నిర్వహణపై గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ 2016లో నిబంధనలు తెచ్చింది. ఒక నగరం ఇలాంటివి జారీ చేయడం దేశంలో అదే మొదలు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, గేట్స్ ఫౌండేషన్ వెనక నిలిచాయి. ఇదే అంశంపై కేంద్రం జాతీయ విధానం ప్రకటించింది 2017లో. అంటే ఢిల్లీ కన్నా ఓరుగల్లే ఏడాది ముందుంది! పైపులున్న మహానగరాలకు ఈ ఆలోచన రాకపోవడానికి కారణం తేలికే. పైపు ఉంటే మురుగు ఎటుపోతుందో చూడాల్సిన పని ఉండదు. లేని ఊరికి రోజూ కళ్ల ముందే కనిపిస్తుంది.

ఆ నిబంధనల సారం ఏమిటంటే, ట్యాంకులు తోడే బండ్లకు లైసెన్సు ఉండాలి. ఎటు తిరుగుతున్నాయో తెలిసేలా జీపీఎస్ పెట్టాలి. పనివాళ్లకు చేతి తొడుగులు, బూట్ల లాంటివి ఇవ్వాలి. తోడిందాన్ని నాలాలో, చెరువులో, పొలంలో ఒంపితే జరిమానా. మరి ఎక్కడ పోయాలి? అందుకోసం నగర శివార్లలోని అమ్మవారిపేటలో ప్లాంటు కట్టారు.

ఆ ప్లాంటు పనిచేసే తీరు ఏ ఇల్లాలికైనా ఇట్టే అర్థమవుతుంది. పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే నీరంతా కారిపోయి గట్టి ముద్ద మిగులుతుందే... అదే సూత్రం. ఇక్కడ గుడ్డ స్థానంలో జియోట్యూబ్ అనే భారీ సంచి. బండి తెచ్చిన వ్యర్థంలోంచి ముందు గుడ్డపీలికలు, ప్లాస్టిక్ ఏరేస్తారు. ఆ తర్వాత మలినం ముద్దలు కట్టేలా ఒక పాలిమర్ కలిపి సంచిలోకి పంపుతారు. నీరు సంచి రంధ్రాల్లోంచి బయటికొస్తుంది, దాన్ని విడిగా శుద్ధి చేస్తారు. లోపల మిగిలింది ఎండి ఎరువులా తయారవుతుంది. మొదట కట్టినదాని సామర్థ్యం రోజుకు 15 వేల లీటర్లు. తర్వాత వేడితో పనిచేసే మరోటీ పక్కకు చేరింది. 15 వేల లీటర్లంటే నాలుగైదు బండ్ల సరుకు. ఎనిమిది లక్షల మంది ఊరికి అది సముద్రంలో కాకిరెట్టే. అయినా ఓ దారి చూపించింది. ఇలాంటి ప్లాంట్లు ఇప్పుడు దేశంలో చాలా పట్టణాల్లో ఉన్నాయి.

సెప్టిక్ ట్యాంకులో కూడా పోయకూడనివి ఉన్నాయని చాలామందికి తెలీదు. అది ఉత్త గుంత కాదు. లోపల కోట్ల సూక్ష్మజీవులు మలాన్ని తింటూ ఉంటాయి. ఫినాయిలు, యాసిడ్ సీసాలకు సీసాలు గుమ్మరిస్తే ముందు చచ్చేవి అవే. ఆపై ట్యాంకు త్వరగా నిండుతుంది, కంపు మొదలవుతుంది, కంపు పోవడానికి మళ్లీ యాసిడ్! మామూలుగా రెండు మూడేళ్లకోసారి తోడించాల్సిన ట్యాంకును, పొంగి గడపలోకి వచ్చేదాకా తలుచుకోకపోవడం మన ఊళ్ల ఆనవాయితీ. ఇరవై ఏళ్లుగా ఒక్కసారీ తోడించలేదని గొప్పగా చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. తోడించకపోతే అది ఎక్కడో చోట నుంచి బయటికి పోతున్నట్టే లెక్క.

గొలుసుకట్టు చెరువు... గొలుసుకట్టు మురుగు

ఎక్కడి నుంచి? ఎదురుగా ఉన్న మోరీ నుంచి. సెప్టిక్ ట్యాంకు పైనుంచి వచ్చే నీరు ఇంకుడు గుంతలోకి పోవాలన్నది పద్ధతి. స్థలం చాలదని మేస్త్రి ఓ పైపు ముక్క పెట్టి మోరీలోకి తిప్పేస్తాడు. ట్యాంకులోంచి వచ్చిన నీళ్లే కదా, శుభ్రంగానే ఉంటాయనుకుంటే పొరపాటు. మలినంలో కొంత భాగమే అడుగున ఆగుతుంది. రోగాలు తెచ్చే క్రిములు చాలామటుకు నీళ్లతోపాటే బయటికి వస్తాయి. మోరీ నుంచి నాలాకు, నాలా నుంచి చెరువుకు.

వరంగల్‌కు ఇది మిగతా ఊళ్లకన్నా పెద్ద సమస్య. కాకతీయులు కట్టిన తీరే అలాంటిది. పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి, అక్కణ్నుంచి ఇంకో చెరువుకు. గొలుసుకట్టు. చుక్క నీరు వృథా కాకుండా వాళ్లు చేసిన ఏర్పాటు అది. ఏ దారిన వాననీరు నడవాలని వాళ్లు అనుకున్నారో ఇవాళ ఆ దారినే మురుగు నడుస్తోంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో వానలు ముంచెత్తినప్పుడు నయీంనగర్ నాలా పరిసరాల జనం ఇళ్లలోకి వచ్చింది వాన నీరొక్కటే కాదు. నాలా మోస్తున్నదంతా వచ్చింది.

భద్రకాళి చెరువునే చూడండి. గుడి, గట్టు, బండ్, బతుకమ్మలు... ఊరికి అందమంతా అక్కడే. తాగునీటికీ ఆధారం. 2024 నవంబరులో ఆ చెరువును ఖాళీ చేసి పూడిక తీయడం మొదలుపెట్టారు. చెరువును ఖాళీ చేయడం చూడని తరానికి అదో వింత. బురద తేలిన ఆ అడుగును చూసినవాళ్లకు, ఊరు ఇన్నేళ్లుగా కిందికి పంపిన సరుకంతా ఎక్కడికి చేరిందో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

ఇక్కడో చేప సంగతి చెప్పుకోవాలి. ఆస్పత్రుల నుంచి వచ్చే నీళ్లకు జీవవైద్య వ్యర్థాల నిబంధనల్లో ఒక పరీక్ష ఉంది. శుద్ధి చేశాక వచ్చిన నీటిలో, మరే నీళ్లూ కలపకుండా, చేపలను వదలాలి. 96 గంటల తర్వాత చూస్తే నూటికి తొంభై బతికి ఉండాలి. ప్రయోగశాలల్లో ఎన్ని కొలతలున్నా చివరికి చేపనే అడగడం ముచ్చటైన విషయమే. 1998లో ఈ నిబంధనలు మొదట వచ్చినప్పుడే ఓ షరతు పెట్టారు. చివర శుద్ధి కేంద్రం లేని డ్రైనేజీకి కలిపిన ఆస్పత్రులు, అసలు డ్రైనేజీయే లేని ఊళ్లలోని ఆస్పత్రులు నదికి వర్తించేంత కఠినమైన లెక్కే పాటించాలి. బీవోడీ 30, జిడ్డు 10. చుట్టుపక్కల ఎన్నో జిల్లాల రోగులు వచ్చేది వరంగల్‌కే. ఎంజీఎం నుంచి వీధివీధినా ఉన్న నర్సింగ్‌హోముల దాకా ఆస్పత్రుల ఊరది. కాబట్టి ఈ షరతు ఇక్కడ పుస్తకంలోని చిన్న అక్షరాల వ్యవహారం కాదు.

కొత్తవాడ జంపఖానాల పేటకు వెళ్తే మరో చిక్కుముడి. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న ఆ నేతకు అందమంతా రంగుల్లోనే. అద్దకం నీళ్లు ఎటైనా పోవాల్సిందే కదా. నదులూ చెరువుల్లో కలిసే నీటి రంగు విషయంలో 1993 నాటి ఆ పట్టిక అంకె చెప్పదు. ‘సాధ్యమైనంత వరకు’ తీసేయమంటుంది. మిల్లీగ్రాములతో లెక్కలు తేల్చే పట్టికలో ఈ మాట కాస్త మెత్తగానే ఉంది. చిన్న నేతగాడి మీద జరిమానా వేసే బదులు, నలుగురి నీళ్లూ ఒకచోట చేర్చి శుద్ధి చేసే ఏర్పాటు చేయడమే న్యాయం. జీడిమెట్లలో చిన్న ఫ్యాక్టరీల కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టింది ఈ ఆలోచనతోనే.

పైపు వస్తోంది... దాంతోపాటు ఏమేం వస్తాయి?

చెరువు ఖాళీ అయిన నెలలోనే, అంటే 2024 నవంబరులోనే, వరంగల్ భూగర్భ డ్రైనేజీ పథకానికి రాష్ట్ర ప్రభుత్వం రూ.4,170 కోట్లకు పరిపాలనా అనుమతి ఇచ్చింది. దశాబ్దాల కోరిక. సంతోషించాల్సిందే. అయితే పైపు వచ్చాక ఊరివాళ్ల అలవాటు ఎలా మారుతుందన్నది ఇంజినీర్లు గీసే డ్రాయింగుల్లో ఉండదు. ఇన్నాళ్లూ మోరీలో ఏం పారుతోందో కనిపించేది, కంపు కొట్టేది, ఇరుగుపొరుగు తిట్టేవాళ్లు. పైపు భూమిలోకి పోతే ఆ తిట్లూ ఉండవు.

హైదరాబాద్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ హోటళ్లు, హాస్టళ్లు, ఆస్పత్రుల లాంటి పెద్ద కట్టడాలు డ్రైనేజీకి కలిసేముందు సిల్ట్ ఛాంబర్ కట్టుకోవాలని జలమండలి నియమం. చెత్త, మట్టి, ముద్దలు అందులో ఆగిపోవాలి, నీరు మాత్రమే ముందుకెళ్లాలి. కట్టనివాళ్లకు నోటీసులు ఇస్తూనే ఉంటారు. కట్టినవాళ్లు దాన్ని శుభ్రం చేయకపోతే ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బిర్యానీ గిన్నెలు కడిగిన నీళ్లు నేరుగా పైపులోకి పోతే ఏమవుతుందో లండన్‌వాళ్లను అడగాలి. 2017 సెప్టెంబరులో అక్కడి వైట్‌చాపెల్ వీధి కింద సీవర్‌లో ఓ కొవ్వుకొండ బయటపడింది. నూనె, తడి తుడుపు కాగితాలు, డైపర్లు కలిసి గట్టిపడి ఎనభై అంతస్తుల మేడంత పొడవున పైపును పట్టేశాయి. అక్షరాలా 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. దాన్ని కొట్టి తీయడానికి వారాలు పట్టింది. ఓ ముక్కను మ్యూజియంలో కూడా పెట్టారు!

మరో తగాదా ముందే చెప్పుకోవచ్చు. డాబా మీది వాన నీటి గొట్టాన్ని తీసుకెళ్లి డ్రైనేజీకి కలపడం. మురుగు పైపును మురుగుకు సరిపడా కొలతతోనే వేస్తారు. గంటసేపు కుంభవృష్టి కురిస్తే వీధిలోని డాబాల నీళ్లన్నీ అందులోకే దిగి, పల్లంలో ఉన్న ఇళ్ల బాత్‌రూముల్లోంచి ఎగజిమ్ముతాయి. వాన నీరు వాన నీటి కాల్వలోకి పోవాలి, వీలైతే ఇంకుడు గుంతలోకి. ఇంటివాళ్లు పాటించాల్సిన నియమాల్లో ఎక్కువగా ఉల్లంఘన జరిగేది బహుశా ఇక్కడే. ఇందులో విషం లేదు, వాసన లేదు, తప్పు చేస్తున్నామన్న ఆలోచనే రాదు.

కొత్త పైపుకు కలిపే రోజున పాత సెప్టిక్ ట్యాంకును ఏం చేయాలన్న ప్రశ్న కూడా వస్తుంది. దాన్ని పూర్తిగా తోడించి, ఇసుకతోనో మట్టితోనో పూడ్చేయాలి. అలాగే వదిలేస్తే లోపల గ్యాస్ చేరుతుంది, మూత పాతబడుతుంది, ఆడుకునే పిల్లల కాలి కింద అదో ఉచ్చు. తోడించడానికి ఎవరినీ లోపలికి దిగమనకూడదు, తక్కువకు వస్తామన్నా సరే. అది మర్యాదకు సంబంధించిన మాట కాదు, పైన చెప్పిన 2013 చట్టం కింద నేరం. బండి వచ్చినప్పుడు లైసెన్సు ఉందా, జీపీఎస్ ఉందా, సరుకు అమ్మవారిపేటకే వెళ్తుందా అని ఇంటాయన ఓసారి అడిగితే బండివాడేమీ అనుకోడు. మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల శుభ్రత కోసం పట్టణాలకు కేంద్రం ఇచ్చిన ఫోన్ నంబరు 14420. సకినాల నూనెకు మాత్రం ఏ నంబరూ అక్కర్లేదు. చల్లారాక పాత సీసాలో పోసి మూత పెడితే సరి. కడాయిని కాగితంతో తుడిచి, ఆ తర్వాతే కడగాలి.